మాటలు రాని బిడ్డ బాధ

కొత్తగా వెలసిన ఒక సంఘమో ఒక పత్రికో తొలి రెండేళ్లలో ఒడుదుడుకులకు లోనైతే, దానికింకా బాలారిష్టాలు తీరలేదంటాం. అనేటప్పుడు ఆ మాట ఎక్కడినుంచి వచ్చినదో ఆలోచించం. జాతకం చూడవచ్చిన దైవజ్ఞుడు బిడ్డకు విద్య ఎంత, ఐశ్వర్యం ఎంత అని చెప్పడానికి ముందు, అసలీ బిడ్డ నిలుచునా అని చూసేవాడు. ఆ గండాలకే బాలారిష్టాలని పేరు. బతికి బట్టకట్టడం అనే పలుకుబడి కూడా, బట్ట కట్టే ఈడు వచ్చేదాకా బిడ్డ మనదన్న ధీమా లేని రోజులలో పుట్టినదే అనిపిస్తుంది.

మన పేర్లలోనూ ఈ భయం దాగివున్నది. పుట్టిన బిడ్డలు వరుసగా దక్కకపోతే, ఆ తరువాత పుట్టినవాడిని పెంటమీద ఒకసారి పడవేసి తెచ్చుకొని పెంటయ్య అనేవారు. పుల్లివిస్తరిలో దొర్లించి పుల్లయ్య అనేవారు. తిరిపెమెత్తి తెచ్చుకొన్నట్టు తిరిపాలు అనేవారు. మృత్యువు కంటికి బిడ్డ విలువ లేనిదిగా కనబడితే విడిచిపెట్టిపోతుందని ఆశ. వంగదేశంలో మూడు గవ్వలకు కొన్న బిడ్డ అనే అర్థంలో తీన్‌కడి అని, అయిదు గవ్వలకు కొన్నవాడని పాంచ్‌కడి అని పెట్టిన పేర్లు ఇటువంటివే. గ్రామాల జాబితాలలో కనబడే ఈ పేర్లు ఒక్కొక్కటీ, అంతకుముందు ఆ ఇంట పోయిన ఒకరిద్దరు పసికందుల జ్ఞాపకచిహ్నం. ఇది ఏనాటిదో పురాణకాలపు మాట కాదు. 1951 నాటికి మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యిమంది శిశువులలో ఇంచుమించు 146 మంది మొదటి పుట్టినరోజు చూడలేదు.

చరిత్రకారులు రాజ్యాల తారీఖులు లెక్కించినారు. యుద్ధాలలో కూలినవారిని లెక్కించినారు. ఒళ్లు వెచ్చబడ్డ పసిబిడ్డను ఒడిలో పెట్టుకొని తెల్లవారేదాకా కూర్చున్న తల్లి గురించి ఏ శాసనమూ చెప్పదు. అయినా ఆ తల్లిదండ్రుల ఆరాటం ఆనవాళ్లు లేకుండా పోలేదు. దేవతల కథలలో, వైద్యగ్రంథాలలో, ఇంటింటి ఆచారాలలో అది పొరలు పొరలుగా పేరుకొనివున్నది. ఆ పొరలను విప్పి చూస్తే రెండు దారులు కనబడుతవి. ఒకటి, భయానికి ఒక పేరు పెట్టి ఆ పేరుగలదానిని ప్రసన్నం చేసుకొనే దారి. రెండవది, బిడ్డను రెప్పవాల్చక చూచి, చూచినదానిని రాసిపెట్టే దారి. ఈ రెండూ చాలాకాలం ఒకే ఇంట్లో, ఒకే గ్రంథంలో కూడా, పక్కపక్కనే నడిచినవి. చివరకు బిడ్డలను దక్కించినది రెండవ దారి. కాని అది ఎంత కష్టపడి ఏర్పడినదో తెలియాలంటే మొదటిదానిని చూడక తప్పదు.

భారతంలో అరణ్యపర్వంలో మార్కండేయుడు ధర్మరాజుకు స్కందుని జననవృత్తాంతం చెప్పుతాడు. అందులో మాతృగణాలు కుమారస్వామి వద్దకు వచ్చి, లోకంలోని పసిబిడ్డలను తమకు ఆహారంగా ఇమ్మని అడిగే ఘట్టం ఉన్నది. మీరు అడిగినది దుఃఖకరమైన వరమని స్వామి నొచ్చుకొంటాడు. బిడ్డలను రక్షించుమని కోరుతాడు. చివరకు మనుష్యులకు పదహారేళ్లు వచ్చేవరకు ఈ గ్రహాలు బాధించవచ్చునని, ఆ తరువాత అవే శుభం చేకూర్చుతవని ఒక ఒప్పందం కుదురుతుంది. ఈ కథను కల్పించినవారు బిడ్డల చావులను దగ్గరగా చూచినవారే. దేవసేనాని సైతం ఆ చావులను ఆపలేక ఒక గడువు మాత్రమే పెట్టగలిగినాడు.

సుశ్రుతసంహిత ఉత్తరతంత్రంలో ఈ గ్రహాలు తొమ్మిది: స్కందుడు, స్కందాపస్మారం, శకుని, రేవతి, పూతన, అంధపూతన, శీతపూతన, ముఖమండిక, నైగమేషుడు. బలులు, ధూపాలు, స్నానాలు, రక్షలు చెప్పినందువల్ల ఈ భాగాన్ని మూఢవిశ్వాసమని తోసివేయడం తేలిక. కాని ఒక్కొక్క గ్రహం పట్టినప్పుడు బిడ్డ ఎట్లా ఉండునో చెప్పిన భాగం చూడండి. స్కందాపస్మారం పట్టిన బిడ్డ తెలివి తప్పుతాడు, మళ్లీ తెప్పరిల్లుతాడు, కాలుసేతులు కొట్టుకొంటాడు, నోట నురుగు వస్తుంది. పూతన పట్టిన బిడ్డకు ఒళ్లు వాలిపోతుంది, విరేచనాలవుతవి, వాంతులవుతవి, దప్పిక మిక్కుటమవుతుంది. మొదటిది మూర్ఛ అనీ రెండవది అతిసారమనీ గుర్తించడానికి నేడు వైద్యవిద్య చదివి ఉండనక్కరలేదు. పేరు గ్రహానిది, లక్షణాలు మాత్రం మంచం పక్కన కూర్చుని చూచినవి.

భయపెట్టిన దేవతే తల్లి కావడం ఈ కథలన్నింటిలోను కనబడే విశేషం. మగధరాజు బృహద్రథునికి రెండు సగాలుగా పుట్టిన శిశువును అతికి బతికించినది జర అనే రాక్షసి. గోడమీద ఆమె బొమ్మను బిడ్డలతోసహా గీసి పూజించిన ఇంట వృద్ధి కలుగునని సభాపర్వం చెప్పుతుంది. బౌద్ధుల హారీతి కథ ఇంకా మనసు కరిగించేది. ఆమెకు అయిదువందలమంది కొడుకులు. అయినా పరుల బిడ్డలను తినేది. బుద్ధుడు ఆమె కడగొట్టు బిడ్డను తన భిక్షాపాత్ర క్రింద దాచినాడు. ఆమె లోకమంతా వెదకి విలపించినప్పుడు, అయిదువందలలో ఒక్కడు కనబడకపోతేనే నీకింత దుఃఖమైతే, ఒకరో ఇద్దరో ఉన్న తల్లుల మాట ఏమని అడిగినాడు. ఆమె మారి పిల్లల రక్షకురాలైనది. ఏడవ శతాబ్దిలో మన దేశానికి వచ్చిన చైనా యాత్రికుడు ఇత్సింగ్, విహారాల భోజనశాలల వద్ద చంకన బిడ్డతో, మోకాళ్లచుట్టూ పిల్లలతో హారీతి ప్రతిమ ఉండేదని, రోజూ ఆమెకు నైవేద్యం పెట్టేవారని రాసినాడు. అజంతా రెండవ గుహలో ఆమెకు ప్రత్యేకమైన మందిరం ఉన్నది. తెలుగుదేశంలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురిలో, అనగా నాగార్జునకొండ లోయలో, హారీతి ఆలయం బయటపడినది. సంసారం విడిచిన భిక్షువులున్న చోట సంసారుల బిడ్డలకోసం ఒక గుడి ఉండవలసివచ్చినదంటే, ఆ గుడిమెట్లు ఎక్కినవారి ఆరాటం ఎంతటిదో ఊహించుకోవచ్చును.

షష్ఠీదేవి కథ మరొక సంగతి చెప్పుతుంది. బిడ్డ పుట్టిన ఆరవనాటి రాత్రి ఈమెను కొలవడం ఉత్తరాదిలో, ముఖ్యంగా వంగదేశంలో, చిరకాలపు ఆచారం. బాణుడు కాదంబరిలో పురిటింటిని వర్ణించినప్పుడు ఈ దేవతను మరువలేదు. ఆ రాత్రే విధాత బిడ్డ నొసట రాత రాస్తాడని చెప్పుకొంటారు. ఆ రోజే ఎందుకు? దీనికి శాస్త్రాలు చెప్పే కారణాలు ఏవైనా కావచ్చును. నేటి వైద్యం ఒక కఠోరమైన వాస్తవం చెప్పుతుంది. మురికి కత్తితో బొడ్డుకోసినందువల్ల వచ్చే ధనుర్వాతం సాధారణంగా మూడవరోజుకు, పధ్నాలుగవరోజుకు మధ్య బయటపడుతుంది. నిన్నటిదాకా చక్కగా పాలు తాగిన బిడ్డ దవడలు బిగిసి రొమ్ము పట్టలేడు. ఒళ్లు విల్లులా వంగుతుంది. ఆ మొదటి వారపు భయం వట్టి ఊహలో పుట్టినది కాదన్నమాట. తల్లులు చావుకు వేళ గుర్తించినారు; దాని కారణం మంత్రసాని చేతిలోని కత్తి మీద ఉన్నదని వారికి చెప్పగలవారు లేకపోయినారు. గర్భిణులకు టీకాలు, శుభ్రమైన కాన్పు విస్తరించిన మీదట, మన దేశంలో మాతా శిశువుల ధనుర్వాతం ప్రజారోగ్య సమస్యగా తొలగిపోయినదని ప్రపంచ ఆరోగ్యసంస్థ ధ్రువపరచినది 2015లో.

ఇక రెండవ దారి. చరకసంహిత శారీరస్థానం ఎనిమిదవ అధ్యాయంలో బిడ్డను పెంచే ఇల్లు ఎట్లా ఉండవలెనో చెప్పబడినది. గాలి సూటిగా కొట్టరాదు. ఎలుకలు, దోమలు ఉండరాదు. పక్కబట్టలు మెత్తగా, తేలికగా, శుభ్రంగా ఉండవలెను. ఆటవస్తువులు రంగురంగులుగా, చప్పుడు చేసేవిగా, మనోహరంగా ఉండవలెను. కాని బరువైనవి, మొన తేలినవి, నోట్లో దూరేవి, ప్రాణాపాయం కలిగించేవి, జడిపించేవి పనికిరావు. నేడు బొమ్మలు తయారుచేసేవారికి ప్రభుత్వాలు విధించే నిబంధనలు ఇంతకంటె ఏమి చెప్పుతవి? ఆ వెంటనే చరకం చెప్పిన మాట మరీ గమనింపదగినది. బిడ్డ ఏడ్చినా, తిననన్నా, చెప్పినమాట వినకపోయినా రాక్షసులనీ పిశాచాలనీ పూతనలనీ పేర్లెత్తి భయపెట్టరాదన్నది. గ్రహాలను నమ్మిన కాలంలోనే, గ్రహాల పేరుతో బిడ్డను బెదరించవద్దని ఒక వైద్యుడు ఆజ్ఞాపించినాడు. పెద్దల భయం పెద్దలవద్దనే ఉండవలెనని, దానిని బిడ్డ నెత్తిన రుద్దరాదని దీని భావం. ఇంటింటా బూచాడిని పిలిచి అన్నం తినిపించే మనకు ఈ మాట ఇప్పటికీ తలకెక్కలేదు.

ఆయుర్వేదానికి ఎనిమిది అంగాలు. అందులో కౌమారభృత్యం ఒకటి. బిడ్డల పోషణ, వైద్యం దాని విషయం. దీనికి ఆధారమైన కాశ్యపసంహిత చిరకాలం పేరుకు మాత్రమే తెలిసివుండినది. నేపాళంలో దొరికిన తాళపత్రప్రతి ఆధారంగా, రాజగురువు హేమరాజశర్మగారి విపులమైన సంస్కృత ఉపోద్ఘాతంతో, 1938లో బొంబాయి నిర్ణయసాగర ముద్రణాలయంనుంచి అది వెలువడినది. ఎన్నో పత్రాలు పోయినవి. అధ్యాయాలు మధ్యలో తెగిపోయినవి. అయినా మిగిలినదానిలో ఉన్న సంపద సామాన్యమైనది కాదు.

ఈ గ్రంథం పుట్టుకను గురించి ఆ గ్రంథమే ఒక కథ చెప్పుతుంది. కశ్యపుని బోధను సంగ్రహించినవాడు ఋచీకుని కుమారుడు జీవకుడు. అప్పటికి వానికి అయిదేళ్లు. బాలుని పలుకులని ఋషులు దానిని ఆదరించలేదు. అప్పుడా బాలుడు కనఖలం వద్ద గంగలో మునిగి, మరుక్షణంలో ముడుతలు పడ్డ ముఖంతో, నెరసిన తలతో పైకి లేచినాడు. వృద్ధజీవకుడన్న పేరు వచ్చినది. గ్రంథానికి గౌరవమూ వచ్చినది. బిడ్డ స్వయంగా చెప్పితే ఎవరూ వినరని, బిడ్డ మాటకు పెద్దవాని ముఖం తొడగవలసివచ్చినదని ఈ కథ ఒప్పుకొంటున్నది. శిశువైద్యం అంతటికీ ఇదే మొదటి చిక్కు.

సూత్రస్థానంలోని వేదనాధ్యాయం సరిగ్గా ఆ చిక్కుతోనే మొదలవుతుంది. మాటలు రాని పసిపిల్లల బాధలను వైద్యుడు ఏ గుర్తులవల్ల తెలుసుకోవలెనని ప్రశ్న. దానికి జవాబుగా కశ్యపుడు ఒక జాబితా ఇచ్చినాడు. తలనొప్పి ఉన్న బిడ్డ తలను అటూ ఇటూ దొర్లిస్తాడు, కళ్లు మూసుకొంటాడు, రాత్రి మూలుగుతాడు, నిద్రపోడు. చెవిపోటు ఉన్నవాడు చేతులతో చెవులను తాకుతాడు, తల తిప్పుతాడు, పాలు వద్దంటాడు. నోట్లో పూత ఉన్నవానికి చొంగ కారుతుంది, రొమ్ము అంటే విముఖత, తాగిన పాలు కక్కుతాడు. కడుపునొప్పి ఉన్న బిడ్డ రొమ్ము విడిచి ఏడుస్తాడు, వెల్లకిల పడుకొంటాడు, పొట్ట బిగిసివుంటుంది, ముఖాన చెమట పోస్తుంది. మూత్రబాధ ఉన్నవానికి రోమాలు నిక్కపొడుస్తవి, పెదవి కరచుకొంటాడు, పొత్తికడుపు తాకుతాడు. జ్వరం రాబోయే బిడ్డ ఒళ్లు విరుచుకొంటాడు, ఆవులిస్తాడు, దాదిని హఠాత్తుగా కరచుకొంటాడు. నుదురు కాలుతుంటే పాదాలు చల్లగా ఉంటవి.

ఈ జాబితాను చదివిన ఏ తల్లి అయినా తన ఇంటి సంగతే చెప్పుతున్నారనుకొంటుంది. చెవి తడుముకొనే బిడ్డను, నుదురు కాలి కాళ్లు చల్లబడిన బిడ్డను చూడని ఇల్లు లేదు గదా. ఈ అధ్యాయానికి మూలం పాండిత్యమొక్కటే కాదు. ఎవరో దాదులు, తల్లులు, అమ్మమ్మలు తరాలుగా చూచి చెప్పుకొన్నదానిని ఒక వైద్యుడు చెవియొగ్గి విని వరుసపెట్టినాడు. వారి పేర్లు గ్రంథంలో లేవు. అయినా సంస్కృత శ్లోకాల క్రింద వినబడేది వారి కంఠస్వరమే. భాష రాని మనిషి శరీరాన్ని భాషగా చదవడం నేర్చుకొన్నవారు వారే.

ఆరోగ్యం ఒక్కటే కాక ఎదుగుదల గురించిన ఆదుర్దా కూడా పాతదే. పక్కింటి పిల్ల కూర్చున్నది, మనవాడు ఇంకా బోర్లా పడనైనా లేదన్న మాట ప్రతి ఇంటిలోను పుట్టేదే. మన సంస్కారాలు ఒక విధంగా ఈ ఆదుర్దాకు కట్టిన పంచాంగం. నాలుగవ నెలలో బిడ్డను వెలుపలికి తేవడం, ఆరవ నెలలో అన్నప్రాశన, ఆరో నెలనో ఏడో నెలనో చెవులు కుట్టడం మొదలైనవన్నీ బిడ్డ ఎంతవరకు వచ్చినాడో పదిమందిలో నిలబెట్టి చూచుకొనే సందర్భాలు. కశ్యపుడు ఆరవ నెలలో పండ్లు రుచి చూపి, దంతాలు వచ్చిన మీదట పదవ నెలలో అన్నం పెట్టమంటాడు. మాటలు స్పష్టంగా రావడానికి, మేధ వికసించడానికి వస, బ్రాహ్మి, నెయ్యి, బంగారం నాకించే లేహాలను కూడా ఈ గ్రంథం చెప్పుతున్నది. అతిగా మాట్లాడే పిల్లను చూచి దీనికి వస ఎక్కువ పోసినారని మనం చేసే హాస్యం ఆ చింతలోనుంచి వచ్చినదే. ఒకప్పుడు అది మాటలు రాని బిడ్డ తల్లి ఆశ.

ఏడాది నిండినా కాళ్లతో నడవని బిడ్డకు కశ్యపుడు ఫక్కరోగం అని పేరు పెట్టినాడు. అది మూడు విధాలు. తల్లిపాల దోషంవల్ల వచ్చేది ఒకటి. ఇతర రోగాలవల్ల చిక్కి వచ్చేది ఒకటి. మూడవదానిని గర్భజమన్నాడు. చంటిబిడ్డ తల్లి మళ్లీ గర్భం ధరించినప్పుడు పాలు తగ్గిపోయి, పై బిడ్డ కృశించి, పిరుదులు జారి, పొట్ట ఉబ్బి, నడవలేకపోవడం దీని స్వరూపం. మందులతో పాటు మూడు చక్రాల కొయ్యబండి చేయించి, దానిని పట్టుకొని నడిపించుమని చెప్పినాడు. మొన్నమొన్నటిదాకా మన ఇళ్లలో పిల్లలు తోసుకుంటూ తప్పటడుగులు వేసిన మూడు చక్రాల బండికి ఇంత పూర్వచరిత్ర ఉన్నది.

గర్భజ ఫక్కాన్ని చదివినప్పుడు ఎక్కడో ఆఫ్రికా గుర్తుకురాక మానదు. నేటి ఘనా దేశంలో, అప్పటి గోల్డ్ కోస్ట్‌లో, పనిచేసిన సిసిలీ విలియమ్స్ అనే వైద్యురాలు 1935లో క్వాషియోర్కర్ అన్న పేరును వైద్యలోకానికి తెలిపింది. గా భాషలో ఆ మాటకు, తరువాతి బిడ్డ వచ్చి తన చోటు పోగొట్టుకొన్న బిడ్డకు వచ్చే జబ్బు అని అర్థం. ఆమె ఆ మాటను అక్కడి తల్లులనుంచి నేర్చుకొన్నది. సముద్రాలకు అటూ ఇటూ ఉన్న తల్లులు ఒకే వాస్తవాన్ని కనిపెట్టినారు. ఈ పోషకాహార లోపాన్ని గురించి మన దేశంలో ప్రసిద్ధమైన పరిశోధనలు కూనూరులోను, 1958లో ఆ ప్రయోగశాల తరలివచ్చిన హైదరాబాదులోను జరిగినవి. అదే నేటి జాతీయ పోషకాహార సంస్థ.

ఏడాదికే నడవవలెనన్న కశ్యపుని హద్దు మాత్రం నేడు నిలవదు. ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికా దేశాల పిల్లలను పరిశీలించి ప్రపంచ ఆరోగ్యసంస్థ 2006లో ప్రకటించిన లెక్కప్రకారం, ఆరోగ్యవంతులైన బిడ్డలు ఎనిమిది నెలలు దాటినప్పటినుంచి పదిహేడున్నర నెలల దాకా ఎప్పుడైనా ఒంటరి నడక మొదలుపెట్టవచ్చును. ఏడాదికి నడవని బిడ్డలలో చాలామందికి ఏ జబ్బూ లేదు. ఇది తల్లిదండ్రులకు ఎంత ఊరటో చెప్పనక్కరలేదు. కాని ఆ గడువు కూడా దాటితే ఊరకుండరాదనేది కూడా ఆ లెక్కే చెప్పుతున్నది.

ఇంతవరకు చెప్పినది చదివి కాశ్యపసంహితలో అంతా కరుణే ఉన్నదనుకొనరాదు. అందులోనే రేవతీకల్పం అనే అధ్యాయం ఉన్నది. గర్భాలను, పసికందులను హరించే జాతహారిణి అధర్మచారిణులైన స్త్రీలను ఆశ్రయిస్తుందని ఆ అధ్యాయం చెప్పుతుంది. బిడ్డను పోగొట్టుకొన్న తల్లి దుఃఖానికి తోడు నింద కూడా మోయవలసివచ్చినదన్నమాట. పాలు చెడ్డవన్నారు, పాదం మంచిది కాదన్నారు, దిష్టి తీయలేదన్నారు. బిడ్డ వేదనను అంత సూక్ష్మంగా చదివిన గ్రంథమే తల్లి వేదనను చదవలేకపోయినది. కారణం తెలియనిచోట దోషం వెదకడం మనుష్యస్వభావం. ఆ దోషం అబలమీదికే పోవడం సంఘస్వభావం. ఆడబిడ్డ విషయంలో ఈ ఆరాటం కూడా సమంగా పంచబడలేదు. కాశీలో రెసిడెంటుగా ఉన్న జోనథన్ డంకన్ 1789లో ఆ ప్రాంతపు రాజకుమార్ వంశాలలో ఆడశిశువుల హత్యను బయటపెట్టినాడు; దానిని అణచడానికి శాసనం వచ్చినది 1870లో.

భయానికి, చూపుకు మధ్య పెద్ద పరీక్ష మశూచి రూపంలో వచ్చినది. సుశ్రుతంలో చిన్నరోగాలలో ఒకటిగా చెప్పబడిన మసూరికకు మాధవనిదానంలో ప్రత్యేకాధ్యాయం కావలసివచ్చినది; పదహారవ శతాబ్దిలో భావమిశ్రుడు భావప్రకాశంలో శీతలాస్తోత్రాన్నే చేర్చినాడు. వైద్యుడు స్తోత్రం రాసుకొనవలసివచ్చినదంటే మందు లేదని ఒప్పుకొన్నట్టే. మన పల్లెలలో ఆ జబ్బును పేరుపెట్టి పిలిచేవారు కారు, అమ్మవారు పోసినదనేవారు, పోలేరమ్మకు చలినైవేద్యం పెట్టేవారు. అయితే వంగదేశంలో దీనితోపాటే మరొక పద్ధతి ఉండేది. మశూచి రసిని కొద్దిగా చర్మంలో ఎక్కించి, తేలికపాటి జబ్బు తెప్పించి, పెద్దజబ్బును నివారించే సంచారవైద్యుల పద్ధతిని హాల్వెల్ 1767లో లండన్ వైద్యులకు వర్ణించి చెప్పినాడు. ఆ వైద్యులు శీతలను పూజించినారు. బిడ్డల చేతులమీద గాటూ పెట్టినారు. రెండు దారులు ఒకే చేతిలో కలిసిన ఉదాహరణ ఇది.

జెన్నర్ కనుగొన్న గోమసూరి టీకాను మన దేశంలో మొదటిసారి 1802 జూన్ 14న బొంబాయిలో మూడేళ్ల బాలికకు వేసినారు. ఇక్కడ తల్లిదండ్రులకు కొత్త సంకటం. జబ్బుబిడ్డను వైద్యునికి అప్పగించడం వేరు. ఆడుకొంటున్న బిడ్డను పరాయి దొరల మనిషి కత్తికి అప్పగించడం వేరు. ఆ అనుమానం తీర్చడానికి ఒక విచిత్రమైన ప్రయత్నం జరిగినది. ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ పేరు తెలుగువారికి సుపరిచితం. 1816లో కాంబెల్ తెలుగు వ్యాకరణానికి పీఠిక రాసి ద్రావిడభాషలు ఒక కుటుంబమని నిరూపించినవాడు ఆయనే. మద్రాసులో అధికారిగా ఉన్న ఆయన, గోవునుంచి వచ్చే ఈ మందు పూర్వం దేవత అనుగ్రహించినదే అన్నట్టుగా ఒక పౌరాణిక కథను తానే కల్పించి రాసినాడు. ఉద్దేశం మంచిది, పద్ధతి కూటసృష్టి. తరువాతి కాలంలో, టీకా మన ప్రాచీనులకు తెలిసిందేనన్న వాదాలకు ఇటువంటి కల్పితశ్లోకాలే ఆధారమైనవి. భాషాశాస్త్రంలో ఆధారం లేనిదే అడుగువేయని పండితుడు, తల్లిదండ్రులను ఒప్పించవలసివచ్చినప్పుడు ఆధారాన్నే కల్పించినాడు. వారికి సత్యం చెప్పి నమ్మకం సంపాదించవచ్చునని ఆయనకు తోచలేదు.

ఆ నమ్మకం సంపాదించడానికి నూటడెబ్బై ఏళ్లు పట్టినది. 1962లో ప్రారంభమైన జాతీయ నిర్మూలనోద్యమంలో ఆరోగ్యకార్యకర్తలు జబ్బుబిడ్డ బొమ్మ ఉన్న కార్డు చేతబట్టి ఇల్లిల్లూ తిరిగి, ఇట్లాంటి బిడ్డ మీ వాడలో ఉన్నదా అని అడిగినారు. ఆ ప్రశ్నకు తల్లులు జవాబు చెప్పినారు, దాచలేదు. మన దేశంలో ఆఖరి మశూచి 1975 మేలో కనబడినది. అదే ఏడు అక్టోబరులో బంగ్లాదేశ్ భోలా ద్వీపంలో, మూడేళ్లయినా సరిగా నిండని ఒక బాలికకు వచ్చినది ప్రపంచంలోనే పెద్దమశూచికి చివరి సహజమైన ఉదాహరణ. ఆ పిల్ల బతికి పెద్దదైనది. 1980లో ప్రపంచమంతటా ఆ వ్యాధి తొలగినదని ప్రకటించినారు.

పూతన సంగతీ అట్లాగే తేలినది. విరేచనాలతో, వాంతులతో, దప్పికతో ఎండిపోయే బిడ్డను సుశ్రుతుని కాలంవారు చూచినారు. ఆ దప్పికలోనే చావూ ఉన్నదని, దానిలోనే మందూ ఉన్నదని పోల్చుకోలేదు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధసమయంలో బనగావ్ శరణార్థి శిబిరంలో కలరా వ్యాపించినప్పుడు, సెలైన్ సీసాలు అయిపోయి, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని బిడ్డలచేత తాగించుమని వారి బంధువులకే ఇచ్చినాడు. నూటికి ముప్పైదాకా ఉన్న చావులు నాలుగుకు లోపడినవి. ఆ చెంచా పట్టుకొన్నది ఎక్కువగా తల్లులే. వేల సంవత్సరాలుగా పక్కన కూర్చుని చూడడం తప్ప మరేమీ చేయలేకపోయిన చేతికి, అప్పుడు ఒక పని దొరికినది.

2020 నాటికి మన దేశంలో వెయ్యికి 28 మంది శిశువులు ఏడాది లోపల పోతున్నారు. 146 తో పోల్చితే ఇది గొప్ప విజయం. ఆ 28 ఇళ్ల తలుపు తట్టి చెప్పదగిన విజయం మాత్రం కాదు. మిగిలిన ఇళ్లలో ప్రశ్న మారినది. బిడ్డ బతుకుతాడా అని అడిగిన చోట ఇప్పుడు బరువు చాలినదా, మాటలు వేళకు వచ్చినవా, పిలిస్తే చూచునా అని అడుగుతున్నారు. ప్రశ్న మారినా అడిగే గొంతు మారలేదు. ఆ గొంతును వట్టి చాదస్తమని కొట్టివేసే వైద్యులూ, దోషమంతా తల్లిదే అనే చుట్టాలూ కూడా ఇంకా ఉన్నారు. వారు వేదనాధ్యాయం ఒక్కసారి చదువుకొనడం మంచిది. బిడ్డ చెవి తడుముకొన్నదని తల్లి వచ్చి చెప్పినప్పుడు, దానిని విని రాసిపెట్టుకొనడంతోనే మన శిశువైద్యం పుట్టినది.